సంఘం షాట్

ఆకాశంలోకి తలెత్తి చూడటం సూళ్లూరుపేట వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచే రోజున మిద్దెల మీద, రోడ్ల పక్కన, పులికాట్ సరస్సు మధ్యగా దీవికి వెళ్లే దారి పొడవునా జనమే జనం. చేతిలో ఫోను పైకెత్తి పట్టుకోనివాళ్లు అరుదు. 1971లో తొలి రాకెట్ ఎగిరిన నాటి నుంచి ఆ దీవి మీద జరిగినదంతా రికార్డుల్లో భద్రం. ఇక సినిమా సంగతంటారా... 2019లో ఈ ఊరి దగ్గర వంద అడుగులకు మించిన వెడల్పున్న తెరతో హాలు తెరిచేసరికి సూళ్లూరుపేట పేరు మరోసారి దేశమంతా వినపడింది.

ఇన్ని కెమెరాలు, ఇంత పెద్ద తెర! మరి ఈ నేల మీద నడిచి, ఈ నేల చరిత్రని మార్చిన ఆడవాళ్లు ఏ తెర మీద ఉన్నారు?

సూళ్లూరుపేట 2022లో తిరుపతి జిల్లాలో చేరింది కానీ, అంతకుముందు దశాబ్దాల తరబడి నెల్లూరు జిల్లా ఊరే. జిల్లాకి దక్షిణపు కొసన సూళ్లూరుపేట ఉంటే ఆ చివర కలిగిరి మండలంలో దూబగుంట. 1992లో ఆ చిన్న పల్లెలో కూలినాలి చేసుకునే ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ వేడి జిల్లా అంతా పాకింది. మూడేళ్లు తిరక్కుండానే రాష్ట్రమంతటా మద్య నిషేధం వచ్చింది. ఆ కథ మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ‘రోశమ్మ అంటే ఎవరు?’ అని పదో తరగతి పిల్లాణ్ని అడిగి చూడండి.

అమెరికాలో ఇదే ప్రశ్న అక్కడి నల్లజాతి మహిళల విషయంలో వచ్చింది. హక్కుల పోరాటంలో ముందు నడిచిన ఆడవాళ్ల పేర్లు పుస్తకాల్లో చివరి పేజీలకి జారిపోతుంటే కొంతమంది కెమెరా పట్టుకుని బయల్దేరారు. మనదగ్గరా అలాంటి పని జరిగింది. అదీ ఎక్కడో కాదు, ఒకటి నెల్లూరు సారా ఉద్యమం గురించి, మరొకటి జహీరాబాద్ పల్లెల్లో. ఆ సంగతులు ఒకచోట పెట్టి చూస్తే, ‘మా ఊరి పెద్దమ్మ కథని మేమూ దాచుకోవచ్చు కదా’ అనిపించకమానదు.

ఒక పాఠం... ఒక సినిమా

దూబగుంట కథ చదువుతో మొదలైంది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం ఊపందుకుంది. పగలంతా పొలాల్లో వంచిన నడుము ఎత్తని ఆడవాళ్లు రాత్రిపూట లాంతరు వెలుగులో పలక పట్టారు. అక్షరాలతోపాటు మాటలూ వచ్చాయి. ‘మన బతుకులు ఇలా ఎందుకున్నాయి?’ అన్న ప్రశ్నకి దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకటే జవాబు దొరికింది... సారా. 1980ల్లో ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో సారాని ఊరూరా పారించింది. పొట్లాల్లో పోసి అమ్మడంతో అది ఇంటి గుమ్మం దాకా వచ్చేసింది. మగవాళ్ల కూలి డబ్బులు ఇంటికి చేరేలోగానే కరిగిపోయేవి. ఖజానాకి మాత్రం ఏటా కోట్లు చేరేవి.

దూబగుంట ఆడవాళ్లు ఏం చేశారన్నది తర్వాత చదువుకునేవాళ్ల పుస్తకంలోనే ఒక పాఠమైంది. పాఠం పేరు ‘ఆడవాళ్లు ఏకమైతే’. అందులో ఒక ముచ్చట ఉంది. వందమంది ఆడవాళ్లు ఊరి పొలిమేరకి వెళ్లి కల్లు బండిని ఆపారు. కల్లు పారబోయమన్నారు. అయితే ఆ బండివాణ్ని నష్టపోనివ్వలేదు. ‘తలా ఒక రూపాయి వేసుకుని నీ నష్టం మేం ఇస్తాం’ అన్నారు. ఆ తర్వాత సారా పొట్లాలతో జీపు వస్తే దాన్నీ చుట్టుముట్టి, వెనక్కి తీసుకెళ్లకపోతే కలెక్టరుకి ఫిర్యాదు చేస్తామన్నారు. ఎదుటివాడి పొట్ట కొట్టకుండా తమ పొట్ట కాపాడుకోవాలన్న ఆలోచన ఏ కాలేజీలో నేర్పుతారు?

ఆ పాఠం పక్క ఊళ్లకి చేరింది. అక్కడి ఆడవాళ్లు చదివారు, చదవలేనివాళ్లు విన్నారు. ‘వాళ్లు చేసింది మనం చేయలేమా?’ అనుకున్నారు. చీపుళ్లు, రోకళ్లు, కారప్పొడి చేతికొచ్చాయి. 1992లో నెల్లూరులో జరగాల్సిన సారా వేలంపాటలు ఆడవాళ్లు అడ్డుపడటంతో మళ్లీమళ్లీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాని నిషేధించారు. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజునే ఎన్టీ రామారావు మద్య నిషేధం ఫైలు మీద సంతకం చేశారు. 1995 జనవరిలో అది అమల్లోకి వచ్చింది.

ఈ ఉద్యమం మీద షబ్నమ్ విర్మానీ, పరిశోధకురాలు నాటా దువ్వూరితో కలిసి 1996లో ‘వెన్ విమెన్ యునైట్’ అనే చిత్రం తీశారు. ఆ పేరు తెలుగులో చెప్పుకుంటే మళ్లీ పాఠం పేరే, ‘ఆడవాళ్లు ఏకమైతే’! జరిగినదాన్ని మళ్లీ నటించి చూపిన దృశ్యాలూ, పాల్గొన్నవాళ్ల మాటలూ కలిపి అల్లిన చిత్రమది. ఉద్యమం వేడి చల్లారకముందే తీయడం దాని బలం. మనుషులు అప్పటికి అక్కడే ఉన్నారు. గొంతుల్లో ఆవేశం తగ్గలేదు. ఎవరేం అన్నారో, ఎవరు ముందు నడిచారో జ్ఞాపకం ఉంది.

మరుసటి ఏడాదికే పరిస్థితి మారింది. 1997లో మద్య నిషేధం ఎత్తేశారు. వాళ్లు గెలిచింది చేజారడం ఆ ఆడవాళ్లే కళ్లారా చూడాల్సి వచ్చింది. దూబగుంట రోశమ్మ 2016లో కన్నుమూసింది. 1992లో ముప్ఫయ్యేళ్ల ఇల్లాలిగా వేలంపాట ముందు బైఠాయించిన మనిషికి ఇప్పుడు అరవై దాటాయి. నలభయ్యేళ్ల వయసులో ఉన్నవాళ్లు డెబ్భైల్లో ఉన్నారు. నిషేధం పోయినా, వాళ్లు చేసిన పని ఎలా చేశారన్నది మిగలాలంటే వాళ్ల మాట మిగలాలి. ఆ మాటకి గడువు దగ్గరపడుతోంది.

రాసుకున్నవాళ్లు... రాయలేనివాళ్లు

నెల్లూరు సీమలోనే మరో పెద్దావిడ ఉంది, పొణకా కనకమ్మ. పల్లెపాడులో గాంధీజీ 1921లో ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమానికి అండగా నిలబడిన మనిషి. ఆడపిల్లల చదువు కోసం నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. ఆమె కవయిత్రి కూడా. తన జీవితాన్ని తనే రాసిపెట్టుకుంది. 1963లో ఆమె కన్నుమూసిన చాలా ఏళ్ల తర్వాత ఆ రాతలు ‘కనకపుష్యరాగం’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. ఆలస్యమైనా ఆమె మాట ఆమె మాటగానే మనకి దొరికింది. కారణం, ఆమెకి కలం ఉంది.

రోశమ్మ తరం కూలి తల్లులకి కలం లేదు. వాళ్ల గురించి విలేకరులు రాశారు, అధికారులు నివేదికలు రాశారు, పరిశోధకులు వ్యాసాలు రాశారు. అన్నీ వేరేవాళ్ల మాటలే. రాయడం రాని మనిషి తన కథని తన నోటితో, తన యాసలో, తన చేతులు తిప్పుతూ చెప్పుకోవాలంటే కెమెరాని మించిన కలం ఏముంది? డాక్యుమెంటరీ విలువ అక్కడుంది. సినిమాలాగా రెండున్నర గంటల కాలక్షేపం కోసం తీసేది కాదిది. చదువు లేని తల్లి రాసుకునే ఆత్మకథ అనుకోవాలి.

ఆ కలాన్ని ఆ తల్లుల చేతికే ఇస్తే? ఆ పని జరిగింది, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో.

పటేల్ చూపు, సంఘం చూపు

1983లో అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడు పి.వి. సతీష్. ఆయన అంతకుముందు దూరదర్శన్ నిర్మాత. మన శ్రీహరికోటని నడిపే ఇస్రోనే 1975-76లో ఓ గొప్ప ప్రయోగం చేసింది. అమెరికా ఉపగ్రహాన్ని ఏడాదిపాటు వాడుకుని ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకి నేరుగా టీవీ కార్యక్రమాలు పంపింది. దాని పేరు ‘సైట్’. ఆ కార్యక్రమాల తయారీలో సతీష్ పాలుపంచుకున్నాడు. పల్లెకి టీవీ తీసుకెళ్లిన మనిషి తర్వాత పల్లె చేతికే కెమెరా ఇవ్వాలనుకోవడంలో వింతేముంది?

ఆ సొసైటీ సంఘాల్లో ఉన్నవాళ్లు ఎక్కువమంది దళిత మహిళలు. సెంటు, కుంట భూమి ఉన్నవాళ్లు, ఆ మాత్రమూ లేనివాళ్లు. బీడు పడ్డ ఎర్రనేలల్ని బాగుచేసుకుని జొన్న, సజ్జ, కొర్ర, కంది కలిపి పండించుకున్నారు. ఇంటింటా విత్తనాలు దాచుకున్నారు. లేనివాళ్లకి విత్తనం అప్పిచ్చి, పంట వచ్చాక కొంత కలిపి తిరిగి తీసుకునే పద్ధతి పెట్టుకున్నారు. అలాంటి ఆడవాళ్లలో కొందరు వీడియో కెమెరా నేర్చుకున్నారు. బడి గడప తొక్కనివాళ్లే వాళ్లలో ఎక్కువ. 2001లో వాళ్లదంటూ కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది.

కెమెరా పాఠాల్లో ఒక సంగతి మాత్రం ప్రతి ఒక్కరూ వినదగ్గది. కెమెరాని పైన పెట్టి కిందికి చూపిస్తే తెర మీద మనిషి చిన్నగా కనిపిస్తాడు. కింద పెట్టి పైకి చూపిస్తే కొండలా కనిపిస్తాడు. సినిమావాళ్లు వీటికి ఇంగ్లిషు పేర్లు పెట్టుకున్నారు. ఈ ఆడవాళ్లకి ఆ పేర్లతో పనేంటి? పైనుంచి కిందికి చూసేదాన్ని ‘పటేల్ షాట్’ అన్నారు. ఊరి పటేల్ అరుగు మీద కూర్చుని తమని చూసే చూపు అదే కాబట్టి. కిందనుంచి పైకి చూసేది బానిస చూపు. పటేల్ ముందు నేలమీద కూర్చుని తలెత్తి చూసేవాళ్లు తామే కాబట్టి. మరి కంటికి కన్ను సమానంగా పెట్టి తీసేది? అది ‘సంఘం షాట్’. సంఘంలో అందరూ చాప మీద ఒకే ఎత్తులో కూర్చుంటారు. ఒకరు ఎక్కువ కాదు, ఒకరు తక్కువ కాదు. తమ సినిమాల్లో మనుషుల్ని అలాగే చూపించాలనుకున్నారు.

కెమెరా ఎక్కడ పెట్టాలన్న ఒక్క ముక్కలో సమాజం మొత్తాన్నీ చూపించేశారు!

ఆ కెమెరాతో వాళ్లు చేసిన పని చిన్నదేం కాదు. బీటీ పత్తి మన రాష్ట్రానికి వచ్చిన కొత్తల్లో వరంగల్ జిల్లాకి వెళ్లారు. పంట వేసిన దగ్గర్నుంచి చేతికొచ్చేదాకా రైతుల దగ్గరికి పదేపదే వెళ్లి, వాళ్లేం చెబుతున్నారో చిత్రించారు. 2003లో వచ్చిన ఆ చిత్రం ఎన్నో భాషల్లోకి, దేశాల్లోకి వెళ్లింది. రైతులతో మాట్లాడటానికి వచ్చినవాళ్లు కూడా రైతులే కావడంతో ఆ సంభాషణల్లో దాపరికం ఉండదు. 2008లో మాచనూరు నుంచి ‘సంఘం రేడియో’ మొదలుపెట్టారు. దాన్ని నడిపించిన ‘జనరల్’ నర్సమ్మ, కెమెరా పట్టిన హుమ్నాపూర్ లక్ష్మమ్మ లాంటివాళ్లు ఎక్కడెక్కడివాళ్లకో తెలిసిన పేర్లయ్యారు. 2019లో ఈ సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. సతీష్ 2023లో కన్నుమూశాడు. ఆయన వెళ్లిపోయినా, ఆ ఆడవాళ్ల ముఖాలూ మాటలూ ఆ చిత్రాల్లో నిలిచి ఉన్నాయి.

అధ్యక్షుడే భయపడిన గొంతు

ఇప్పుడు సముద్రాల అవతలికి వెళ్దాం. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం. పత్తి పొలాలు. 1917లో పుట్టిన ఫానీ లూ హేమర్ ఇరవైమంది పిల్లల్లో ఆఖరిది. ఆరేళ్ల వయసు నుంచే పత్తి ఏరింది. నల్లవాళ్లకి ఓటు హక్కు ఉందన్న సంగతే నలభై దాటాక తెలిసింది. 1962లో మరో పదిహేడు మందితో కలిసి బస్సెక్కి ఓటు నమోదు చేసుకోవడానికి వెళ్లింది. ఆ రాత్రికే పొలం యజమాని ఆమెని వెళ్లగొట్టాడు. పద్దెనిమిదేళ్లు చాకిరీ చేసిన చోటు అది. మరుసటి ఏడాది జైల్లో పెట్టి కొట్టిన దెబ్బలకి మూత్రపిండాలు, ఒక కన్ను దెబ్బతిన్నాయి. అయినా ఆగలేదు.

1964 ఆగస్టులో డెమొక్రటిక్ పార్టీ మహాసభ ముందు ఆమె తన కథ చెప్పడం మొదలుపెట్టింది. టీవీల్లో ప్రత్యక్ష ప్రసారం. అప్పటి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఏం చేశాడో తెలుసా? కెమెరాలు ఆమె మీద ఉండకూడదని అప్పటికప్పుడు విలేకరుల సమావేశం పెట్టాడు. టీవీలన్నీ ఆయన వైపు తిరిగాయి. కానీ ఆ రాత్రి వార్తల్లో ఆమె మాటల్ని మళ్లీ వేశారు. దేశమంతా కూర్చుని విన్నది. పత్తి ఏరే ఒక ఆడమనిషి మాటకి దేశాధినేత బెదిరాడంటే, కెమెరా ఎవరి వైపు తిరిగి ఉందన్నది ఎంత పెద్ద విషయమో చూడండి.

తర్వాత ఆమె పేదల కోసం ఉమ్మడి వ్యవసాయ క్షేత్రం పెట్టింది. దాంతోపాటు పందుల బ్యాంకు! పేద కుటుంబానికి ఒక పందిని ఇస్తారు. అది పిల్లలు పెట్టాక కొన్ని పిల్లల్ని బ్యాంకుకి తిరిగివ్వాలి. అవి మరో కుటుంబానికి వెళతాయి. పస్తాపూర్ విత్తనాల అప్పూ ఇలాంటిదే కదా! ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఆకలి తెలిసిన ఆడవాళ్ల లెక్క ఎక్కడైనా ఒకేలా ఉంటుందంతే.

హేమర్ 1977లో చనిపోయింది. 2022లో ఆమె మీద ‘ఫానీ లూ హేమర్స్ అమెరికా’ అన్న డాక్యుమెంటరీ అమెరికా ప్రజా టెలివిజన్‌లో వచ్చింది. దాని వెనక ఉన్నది ఆమె బంధువుల పిల్లే, మనుమరాలి వరస. ఆ చిత్రంలో వ్యాఖ్యాత గొంతు ఉండదు. పండితులు వచ్చి ఆమె గొప్పతనాన్ని వివరించరు. పాత రికార్డుల్లో దొరికిన ఆమె ప్రసంగాలు, ఆమె పాటలు, ఆమె మాటలతోనే కథంతా నడుస్తుంది. చనిపోయిన నలభై అయిదేళ్ల తర్వాత ఆమె తన కథ తనే చెప్పుకుంది. అది సాధ్యమైందంటే ఆనాడు ఎవరో ఒకరు రికార్డు చేసి, దాచి ఉంచబట్టే.

అంతకుముందే 1981లో మరో నల్లజాతి నాయకురాలు ఎల్లా బేకర్ మీద ఒక చిత్రం వచ్చింది. దాని పేరు ‘ఫుండి’. ఆఫ్రికాలోని స్వాహిలీ భాష మాట అది. తనకొచ్చిన విద్యని పదిమందికీ నేర్పేవారని అర్థం. వేదికల మీద పెద్దల పేర్లు మోగుతున్న కాలంలో ఎల్లా బేకర్ వెనకుండి కుర్రాళ్లని తయారుచేసింది. ఆమెని నాయకురాలు అనడం కన్నా ఈ మాటే సరిపోతుందనుకున్నారు. మన ఊళ్లో అలాంటివాళ్లు లేరా? పురుళ్లు పోసిన మంత్రసాని, పొదుపు లెక్కలు నేర్పిన రెండో లీడరు, నాట్లకి గుంపుని కట్టిన మేస్త్రమ్మ... అందరూ ఫుండిలే.

పూజ వద్దు, జాలీ వద్దు

ఊళ్లో పెద్దమ్మల కథ తీద్దామని కూర్చుంటే రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి జాలి. విషాద సంగీతం పెట్టి, ముడతలు పడ్డ చేతుల్ని దగ్గరగా చూపించి, ‘పాపం’ అనిపించడం. అది పటేల్ షాట్. రెండోది పూజ. దండేసి, దేవతని చేసి, తప్పే చేయని మనిషిగా చూపించడం. సూళ్లూరుపేటలో చెంగాళమ్మ తల్లిని తలెత్తి చూస్తాం. అది భక్తి, అక్కడ అదే సరి. మనిషిని అలా చూస్తే మాత్రం ఆమె చేసిన పని మనం చేయలేనిదిగా కనిపిస్తుంది. ‘ఆమె దేవత, మనవల్ల అవుతుందా’ అని చేతులు దులుపుకుంటాం.

దూబగుంట పాఠం పక్క ఊళ్లని ఎందుకు కదిలించింది? ఆ ఆడవాళ్లు తమలాంటివాళ్లే కాబట్టి. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. సారా ఉద్యమానికి రోశమ్మ పేరు గుర్తయింది కానీ, ఆమె ఒక్కతే చేసింది కాదది. ఊరూరా పేరు తెలియని ఆడవాళ్లు ఎందరో. కెమెరాకి ఎప్పుడూ ఒక్క ముఖం కావాలి. ఉద్యమానికి వందల ముఖాలు. ఒక్కరికి దండేసి మిగతావాళ్లని మరిచిపోతే, ఆ దండ వేయించుకున్న మనిషికీ అది గౌరవం కాదు. ఆ ఉద్యమం వెనకే నెల్లూరు జిల్లాలో ‘పొదుపులక్ష్మి’ సంఘాలు పుట్టాయి. రోజుకి ఒక్క రూపాయి దాచుకోవడం వాటి పద్ధతి. కల్లు బండివాడి నష్టానికి తలా రూపాయి వేసుకుంటామన్న చేతులే, తర్వాత తమ పిల్లల కోసం తలా రూపాయి వేసుకున్నాయి. ఆ రూపాయి కథ చెప్పాలంటే ఒక్క ముఖం ఎలా సరిపోతుంది?

మన ఊరి కథ... మన ఫోనులో

ఇవన్నీ పెద్దపెద్దవాళ్లు చేసే పనులనుకోనక్కర్లేదు. రాకెట్‌ని తీసిన ఫోనే చాలు. సూళ్లూరుపేట చుట్టుపక్కల ఎవరి కథలున్నాయో ఒక్కసారి తలుచుకోండి. సారా కొట్ల ముందు కూర్చున్న అవ్వలు. తొలి పొదుపు సంఘాలు పెట్టుకున్న అక్కలు. పులికాట్‌లో చేపలు తగ్గినా బుట్ట దించని బెస్త తల్లులు. అంతరిక్ష కేంద్రం కోసం శ్రీహరికోట దీవి ఖాళీ అయినప్పుడు అడవినీ, అలవాటైన బతుకునీ వదిలి ఇవతలికి వచ్చిన యానాది కుటుంబాల్లోని ముసలమ్మలు. రాకెట్ ఎగిరిన కథ అందరికీ తెలుసు. అది ఎగరడానికి చోటిచ్చినవాళ్ల కథ వాళ్లే చెప్పాలి.

తీయాలనుకునే పిల్లలు కొన్ని సంగతులు గుర్తుంచుకుంటే చాలు.

ముందు అడగాలి. ‘అవ్వా, నీ మాటలు తీసుకోవచ్చా? ఎవరెవరికి చూపించొచ్చు?’ అని అడిగి, ఆమె సరేనన్నాకే ఫోను తీయాలి. వద్దన్న మాట ఏదైనా ఉంటే అది తీసేయాలి.

ఆమె మంచం మీద కూర్చుంటే మనమూ ఎదురుగా అదే ఎత్తులో కూర్చోవాలి. ఫోను ఆమె కళ్లకి సమానంగా ఉండాలి. సంఘం షాట్ అంటే అదే.

బొమ్మ కన్నా మాట ముఖ్యం. ఫ్యాను, టీవీ ఆపేయాలి. రోడ్డు మీద లారీల మోత లేని చోటు చూసుకోవాలి. ముఖం మీద వెలుతురు పడేలా గుమ్మం దగ్గర కూర్చోబెడితే చాలు.

‘మీరు గొప్ప పని చేశారు కదా?’ అని అడిగితే ‘ఏముంది నాయనా’ అంటుంది. అంతటితో అయిపోతుంది. ‘ఆ రోజు పొద్దున ఏం వండావు? ఎవరు వచ్చి పిలిచారు? ఇంట్లో ఏమన్నారు? భయం వేయలేదా?’ అని అడిగితే కథ దానంతటదే వస్తుంది. ఓడిపోయిన సంగతులూ అడగాలి. గెలుపు కన్నా అందులోనే ఎక్కువ నేర్చుకుంటాం. ఆమె తడుముకుంటే తొందరపెట్టకూడదు. మాటకీ మాటకీ మధ్య మౌనం కూడా కథే.

‘నీతో ఇంకెవరున్నారు?’ అన్న ప్రశ్న మాత్రం మరిచిపోకూడదు. ఆ ఒక్క ప్రశ్నతో ఒక కథ పది కథలవుతుంది.

తీసినదాన్ని ఫోనులోనే వదిలేస్తే ఫోనుతోపాటే పోతుంది. మనిషి పేరు, ఊరు, తేదీ రాసి రెండు మూడు చోట్ల దాచాలి. ఊరి గ్రంథాలయంలోనో, బడిలోనో ఒక ప్రతి ఉంచితే ఇంకా మంచిది. అన్నిటికన్నా ముందు ఆ అవ్వకి చూపించాలి. ఆ తర్వాత వీధిలో నలుగురికీ. పస్తాపూర్ ఆడవాళ్లు తీసిన చిత్రాలు విదేశాలు తిరిగినా, అవి పుట్టింది మాత్రం తమ పల్లెల కోసమే.

ఇదంతా ఎందుకంటారా? నెల్లూరు జిల్లాని కదిలించింది తుపాకీ కాదు, ప్రసంగం కాదు, ఒక పాఠం. ‘వాళ్లు చేశారు, మనమూ చేయగలం’ అని ఒక ఊరి ఆడవాళ్లు మరో ఊరి ఆడవాళ్ల కథ విని అనుకున్న మాట. మద్యం మళ్లీ వచ్చింది. అప్పులున్నాయి, నీళ్ల కరువుంది, ఆడపిల్లల చదువు మధ్యలో ఆగిపోతూనే ఉంది. రేపు ఏ ఊళ్లోనో పదిమంది ఆడవాళ్లు ‘ఏం చేద్దాం?’ అని కూర్చున్నప్పుడు, ముందు నడిచినవాళ్ల అడుగులు కనిపించాలి. అవి కనిపించకపోతే ప్రతి తరమూ మొదటి అడుగు దగ్గరే మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఈ ఆదివారం ఇంట్లో పెద్దావిడ తీరికగా ఉంటే పక్కన కూర్చోండి. ‘నీ వయసులో ఉన్నప్పుడు మేం...’ అని ఆమె మొదలుపెట్టగానే టీవీ కట్టేయండి. ఫోను తీసి, ఆమె కళ్ల ఎత్తులో పెట్టండి.